సెల్లారులో తప్పిన రంగు

రఫూ పిన్ని చేతిలో సూది ఉందంటే చిరుగన్నది బతికి బట్టకట్టదు. కోటు మీద నిప్పురవ్వ పడనీ, శాలువాని ఎలుక కొరకనీ, పోగుకి పోగు అల్లి పారేస్తుంది. ఆ తర్వాత ఎక్కడ చిరిగిందో బట్ట సొంతదారే వెతుక్కోవాలి. అంతటి పనిమంతురాలు పొద్దస్తమానం కూర్చునేదెక్కడా అంటే, టైలరు మాస్టారి షాపు కింద సెల్లారులో, ట్యూబులైట్ల కింద. పొద్దున్నే దిగితే మళ్లీ పైకొచ్చేది చీకటి పడ్డాకే. పోనీ ఇల్లైనా బాగుందా అంటే, కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ! ఎండ ఆ ఇంటికి చుట్టపుచూపుగా కూడా వచ్చేది కాదు.

ఒకప్పుడు రోజులో కాసేపైనా ఎండ మొహం చూసేది. ట్యూబులైటుని నమ్మి దారం రంగు ఎంచకూడదని వాళ్ల పనిలో పెద్ద కట్టుబాటు. ఏ దారమైనా పట్టుకెళ్లి వీధిలో ఎండలో బట్ట మీద పెట్టి చూశాకే సూదికెక్కించాలి. కానీ ఏడాదిగా ఆవిడ పైకి వెళ్లడం మానేసింది. మెట్టు మీద కాలు పెడితే తొడలు వణికేవి. నేల మీంచి లేవాలంటే కుట్టుమిషను కాలు పట్టుకోవాలి. మాస్టారికి చెబితే పనిలోంచి తీసేస్తాడని భయం. వయసైపోయిందిలే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఏం వయసమ్మా? నిండా యాభై లేవు!

పనిమాట అటుంచండి. ఆవిడ గుండెల్లో రాయి వేరే ఉంది. ఆవిడ కూతురికి మూడు నెలల పాప. ప్రతి ఆదివారం తీసుకొచ్చి, "ఎత్తుకోమ్మా" అని పాపని అందించేది. పిన్నికేమో ప్రాణం లాగేసేది. తీరా ఎత్తుకున్నాక కాళ్లు మడతపడితే? పాప జారిపోతే? "జలుబు చేసిందే, పాపకి అంటుకుంటుంది" అని తప్పించుకునేది. ప్రతి వారమూ జలుబేనా!

"పరాయి పిల్లని చూసినట్టు చూస్తావేంటమ్మా?" అని కూతురు ఓ రోజు కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ పూట పిన్నికి ముద్ద దిగలేదు.

ఆ మర్నాడే వకీలు గారు షాపు మీదికొచ్చి పడ్డాడు. ఆయన నల్లకోటు మోచేతి దగ్గర, పిన్ని రఫూ చేసిన చోట, ఎండలో నీలం మచ్చ మెరిసిపోతోంది. ట్యూబులైటు కింద నలుపుకీ ముదురు నీలానికీ తేడా ఏం తెలిసి చస్తుంది?

మాస్టారు కోటు పట్టుకుని మెట్లు దడదడలాడిస్తూ దిగాడు. ఆయన నోరు అసలే పెద్దది.

"పిన్నీ! ఈ దారం ఎండలో చూశావా?"

"చూశాను మాస్టారూ."

"నా మొహం చూసి చెప్పు."

ఆవిడ తల దించుకుంది. "మెట్లెక్కలేకపోతున్నాను. కాళ్లు నా మాట వినట్లేదు. చెబితే పొమ్మంటారని నోరు మూసుకున్నాను."

మాస్టారు కోటు పక్కన పడేశాడు. స్టూలు మీద కూలబడబోయి "అమ్మో!" అని నడుం పట్టుకున్నాడు. "నీకొక్కదానికే అనుకున్నావా ఈ బాధ? నేను పొద్దున్నే నడుముకి మందు రాసుకోందే గుమ్మం దాటను. పద, ఇద్దరం డాక్టరు దగ్గరికి పోదాం."

రక్తపరీక్షలు చూసి డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది. ఇద్దరికీ విటమిన్ డి అడుగంటింది. పిన్నికైతే మరీనూ.

"ఎండలో ఉంటారా?"

"మా షాపు ముందే పడుతుందండీ, రోజూ చూస్తాం," అన్నాడు మాస్టారు గొప్పగా.

"చూస్తే సరిపోతుందా? ఒంటికి తగలాలి! ఇది వయసు కాదమ్మా, చీకటి. మందులు వాడండి, కాసేపు ఎండలో కూర్చోండి. కాళ్లకి బలం వస్తుంది."

ఆ ఒక్క మాటతో పిన్నికి పోయిన ప్రాణం లేచొచ్చింది. నేరుగా కూతురింటికెళ్లి ఉన్నదంతా కక్కేసింది. కూతురు వాటేసుకుని ఏడ్చింది. "కూర్చుని ఒళ్లో పెట్టుకోమ్మా" అంది. పిన్ని పాప బుగ్గ తాకి, "ఒళ్లో కాదే, నిలబడి ఎత్తుకుంటాను. కాళ్లు బాగుపడనీ" అంది. మొండిఘటం!

మాస్టారు ఊరుకుంటాడా? షోకేసులో బొమ్మల్ని పక్కకి తోసి, అద్దం వెనక ఎండ పడేచోట పిన్నిని కూర్చోబెట్టాడు. దారిన పోయే ఒకాయన బొమ్మ అనుకుని ఆవిడ ఒళ్లో ఉన్న కోటు రంగు చూస్తుంటే పిన్ని తుమ్మింది. పాపం, ఆయన గొడుగు అక్కడే వదిలేసి పరుగో పరుగు. సంగతి విని డాక్టరమ్మ కూడా పడీపడీ నవ్వింది. "వెలుతురూ వేడీ వస్తాయి గానీ, మీక్కావలసిన కిరణం అద్దం దాటి రాదు మాస్టారూ!"

దాంతో షాపు బయట బల్ల పడింది. మాస్టారు ఇంకో పని కూడా చేశాడు. సెల్లారులో ఉన్న దారాల పెట్టెని తెచ్చి ఆ బల్ల మీద పెట్టేశాడు. దారం కావాలంటే ఎవడైనా సరే, ఆయనతో సహా, పైకొచ్చి తీరాలి. మొదట్లో పిన్ని గోడ పట్టుకుని, మెట్టుకో నిట్టూర్పు విడుస్తూ ఎక్కేది. మందులు పడ్డాయి, ఎండ తగిలింది. నెలలు గడిచేకొద్దీ గోడని వదిలింది, నిట్టూర్పునీ వదిలింది.

ఓ మధ్యాహ్నం కూతురు పాపతో వచ్చింది. బల్ల మీద కూర్చోబెడితే పాప నల్లదారం ఉండ అందుకుంది. కూతురు సంచి దించేలోపు, ఉండతో సహా ముందుకి ఒరిగింది. పిన్ని ఎదురుగా పీట మీద కూర్చుని ఉంది. ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలీదు. దేన్నీ పట్టుకోలేదు. పాప ఆవిడ భుజం మీదుంది.

"అమ్మా, నిలబడ్డావు!" అంది కూతురు.

పిన్ని కాళ్ల వంక చూసుకుంది. వణకడం లేదు. పాప మెడలో మొహం దాచుకుని, నవ్వుతూనే ఏడ్చేసింది.

సెల్లారులోంచి మాస్టారి కేక వినిపించింది. "పిన్నీ, నల్లదారం కిందికి దింపు!"

"మీరే పైకి రండి మాస్టారూ," అంది పిన్ని. "దారం నా మనవరాలి చేతిలో ఉంది. దీన్ని మాత్రం నేను దింపను."