గోడవతలి ఏవండీ

జగన్నాథరావు గారు పక్కింటావిడ పిలుపుకి పలికేశారు. అంతకన్నా పెద్ద తప్పులు ఆయన చాలానే చేసి ఉంటారు గానీ, ఇంత సిగ్గుపడింది మాత్రం దీనికే.

కొవ్వూరులో ఆయనది రెండు వాటాల ఇల్లు. పెరళ్ళకి మధ్య ఛాతీ ఎత్తు గోడ. అవతలి వాటాలో కాలేజీ లెక్కల మాస్టారు మురళీకృష్ణ, అతని భార్య సుప్రియ అద్దెకుంటున్నారు. ఆ పొద్దున్న ఈయన నూతి గట్టు దగ్గర పళ్ళు తోముకుంటుంటే గోడవతల నుంచి "ఏవండీ" అని వినిపించింది. "ఆఁ, వస్తున్నానే" అంటూ నోట్లో నురుగుతో, చేతిలో చెంబుతో గోడదాకా వెళ్ళిపోయారు. తడి బట్టలు ఆరేస్తున్న సుప్రియ బిత్తరపోయి చూసింది. "వస్తున్నా" అన్నా సరిపెట్టుకోవచ్చు. "వస్తున్నానే" అన్నారు! పరాయి ఇల్లాలిని! నీళ్ళనీ పంపనీ ఏదో గొణిగి ఆయన లోపలికి వచ్చి పడ్డారు.

భార్య మాణిక్యాంబ పోయింది ఎండాకాలంలో. ఇప్పుడు వానలు పట్టాయి. పరామర్శకి వచ్చినవాళ్ళందరూ ఆవిడ వంట గురించే చెప్పుకున్నారు. వంటకేం, వంటమనిషి దేవకుమారి వచ్చి రెండు పూటలా వండి పెట్టి వెళుతోంది, బాగానే వండుతోంది. ఇంట్లో లేనిదల్లా ఏవండీ అన్న ఆ ఒక్క మాటే.

మాణిక్యాంబ మొగుడి పేరు నోటితో అనేది కాదు. ఓటర్ల లిస్టు రాసుకునే కుర్రాడొచ్చి ఇంటాయన పేరడిగితే "పూరీలో రథమెక్కుతాడు చూడండి, ఆయన పేరే" అని లోపలికి పోయేది. అందుకని ఆ పేరుతో జరగాల్సిన పనులన్నీ ఏవండీ ఒక్కటే చక్కబెట్టేది. పొద్దున్నే మెత్తగా అంటే కాఫీ అయిందని. చివర సాగదీసిందంటే గ్యాసు బండ అయిపోయినట్టు. చుట్టాలొచ్చినప్పుడు వంటింటి గుమ్మంలోంచి గొంతు దించి అంటే, మీ పొలం గొప్పలు ఇక చాలు, పాపం వాళ్ళకి బస్సు టైమైందని. వీధిలోకి పులస చేపలొచ్చిన రోజు అది కాస్తా "ఏవండోయ్" అయ్యేది. ఇవన్నీ కాక, ఏ పనీ లేని ఏవండీ ఒకటుండేది. పేరంటం నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ పిలిచేది. ఏంటని అడిగితే, "ఏం లేదు, ఉన్నారా అని" అనేది. ఉండక ఎక్కడికి పోతానని ఈయన విసుక్కునేవారు.

ఆ మాటకొస్తే ఊరంతా ఆయన్ని ఏవండీ అనే అంటుంది. గోదావరి జిల్లాల్లో వంకాయలమ్మేవాడు కూడా అలాగే పిలుస్తాడు. కానీ అది ఎవర్నయినా అనేది. మాణిక్యాంబది ఈయన్ని ఒక్కణ్ణే అనేది.

అసలు సంగతి ఎవరికీ తెలియదు. కొన్నాళ్ళుగా ఆయన పొద్దున్నే కుర్చీ తెచ్చుకుని పెరట్లో కూర్చునేది గాలి కోసం కాదు. సుప్రియ గొంతు సన్నం, మాణిక్యాంబ గొంతుకి పోలికే లేదు. అయినా ఆ పిలుపు వింటే ఆయనకి రోజు మొదలైనట్టుండేది. ఇప్పుడు ఈ పొరపాటుతో అదీ పోయింది. మర్నాటి నుంచి ఆ అమ్మాయి పిలవడం మానేసింది. ఏం కావాలన్నా మొగుడి దగ్గరికి వెళ్ళి గుసగుసగా చెబుతోంది. రాజమండ్రి నుంచి కూతురు హారతి ఫోన్ చేసి "గొంతు అలా ఉందేంటి నాన్నా?" అంటే జలుబన్నారు. ఒంటరితనమని కూతురికి చెప్పుకోవడం ఆయనకి చేతకాలేదు.

పోనీ వెళ్ళి అడుగుదామా? మొగుణ్ణి ఏవండీ అనడం మానేశావేంటమ్మా అని ఏ మగాడైనా పరాయి ఆడపిల్లని అడుగుతాడా? విన్నవాళ్ళు మొహాన ఉమ్మెయ్యరూ? నాలుగైదు రోజులు మథనపడి, చివరికి పెరట్లో కాసిన బెండకాయలు సంచిలో వేసుకుని వాళ్ళ గుమ్మం ఎక్కారు.

"రండి బాబాయిగారూ, కూర్చోండి" అంది సుప్రియ.

"కూర్చోనమ్మా. ఆవేళ... అలవాటులో..."

"అయ్యో, దానిదేముందండీ. నా పిలుపు వింటే మీకు పిన్నిగారు గుర్తొస్తున్నారేమో, బాధపడతారేమోనని నేనే మెల్లిగా మాట్లాడుతున్నానండి."

"బాధేనమ్మా. కాదనను. వినపడకపోతే ఇంకా బాధగా ఉంది." ఆయన సంచి ఆమె చేతిలో పెట్టారు. "నీ మొగుణ్ణి నువ్వు ఎప్పటిలా పిలుచుకో తల్లీ. నేను పలకన్లే."

సుప్రియ కళ్ళొత్తుకుంటూ తలూపింది.

మర్నాడు పొద్దున్నే ఆయన కుర్చీలో కూర్చుని ఉండగా గోడవతల వంటింట్లోంచి పిలుపు వచ్చింది. "ఏవండీ!"

నోటిదాకా వచ్చిన "ఆఁ"ని మింగేశారు. అవతల ఎవరూ పలకలేదు.

"ఏవండీ, పాలు పొంగుతున్నాయి. నా చేతులనిండా పిండి."

పేపరు తిరగేసిన చప్పుడు మాత్రం అయింది.

"ఏవండీ!"

ఇక ఆయనకి కూర్చోబుద్ధి కాలేదు. లేచి గోడ దగ్గరికి వెళ్ళి చూశారు. మురళీకృష్ణ పెరటి అరుగు మీద పేపరు చాటున హాయిగా కూర్చుని ఉన్నాడు. వినపడక కాదు, పలక్కపోతే మళ్ళీ పిలుస్తుందిలే అన్న ధీమా. ఆ ధీమా జగన్నాథరావు గారు బాగా ఎరిగిందే.

"ఏవయ్యా మురళీకృష్ణా!" ఆ కేకకి అతను ఉలిక్కిపడి పేపరు వదిలేశాడు. "అమ్మాయి పిలుస్తోంది, వినపట్టంలా? పలకవేంటయ్యా?"

"అదీ... వెళ్తున్నానండి బాబాయిగారూ."

"వెళ్ళడం తర్వాత, ముందు పలుకు!" భార్య పోయిననాడు నలుగురిలో నిబ్బరంగా నిలబడ్డ మనిషికి ఇప్పుడు ఏడుపు ఆగలేదు. "ఒక్క పిలుపుకే పలుకు నాయనా. నేనెప్పుడూ అలా పలికేవాణ్ణి కాదు."