నాగులు సార్ కంపైలరు

నాగులు పోయి ఏడాది దాటినా, నరసరావుపేటలోని ఆ పాలిటెక్నిక్ లాబ్‌లో పిల్లలు ఆయన చేత తిట్లు తింటూనే ఉన్నారు.

పిల్లలు సి భాషలో రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టేది కంపైలరు. ప్రోగ్రాములో తప్పుంటే చెప్పేది కూడా అదే. మామూలు కంపైలర్లు ఆ సంగతిని కరుకు ఇంగ్లీషులో చెబుతాయి. నూజెండ్ల నుంచీ బొల్లాపల్లి నుంచీ బస్సుల్లో వచ్చే పిల్లలు తెరమీద ఆ ఇంగ్లీషు కనబడగానే కీబోర్డు మీది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు. అది చూడలేకే నాగులు సొంతంగా ఒక కంపైలరు రాయడం మొదలుపెట్టాడు.

మొదట దానికి కూడికలు తప్ప ఏమీ రాలేదు. కొన్నాళ్ళకు పేర్లు గుర్తుపెట్టుకోవడం నేర్పాడు. తరువాత ఇఫ్, ఆ తరువాత లూపులు, ఫంక్షన్లు. కొత్తది ఒకటి చేర్చిన ప్రతిసారీ అంతకుముందు పనిచేసిన ప్రోగ్రాములన్నీ మళ్ళీ నడిపి చూసేవాడు. ఒక్కటి చెడినా కొత్తదాన్ని పీకేసి మొదటికొచ్చేవాడు. అదే కాలేజీలో పాఠాలు చెప్పే భార్య హిమజ అన్నానికి పిలిస్తే, పాతవన్నీ పచ్చగా రానీ, వస్తా అనేవాడు. తెరమీద వరసగా పచ్చ గుర్తులు పడ్డాకే కంచం ముందుకు వచ్చేవాడు.

ఆ కంపైలరు తప్పులు చెప్పే తీరు వేరు. ఎవరైనా బ్రాకెట్ తెరిచి మూయడం మరిచిపోతే, "తలుపు బార్లా తీసి పోయావు, నీ ఎనకాల వచ్చి ఎవరేస్తారురా" అనేది. ముందు ప్రకటించని పేరు వాడితే, "ఎవురీ మనిషి? చెప్పాపెట్టకుండా ఇంట్లోకి తోలుకొచ్చావేంది" అనేది. మూడు విలువలు అడిగే ఫంక్షన్‌కి రెండే ఇస్తే, "ముగ్గురొస్తారంటివి, ఇద్దరే వచ్చిరి, మూడో ఇస్తరి ఎవరికి పెట్టాల" అని నిలదీసేది. పిల్లలు నవ్వుకుంటూ తప్పు దిద్దుకునేవాళ్ళు. కంపైలరు ఎర్రర్ చూపించిందని ఎవరూ అనేవాళ్ళు కాదు. సార్ తిట్టారు అనేవాళ్ళు.

ఆ తిట్లు నాగులువి కావని హిమజకు మొదటినుంచీ తెలుసు. అవన్నీ అత్తగారు మాణిక్యమ్మవి. మాచర్ల దగ్గర నాపరాయి క్వారీలో పనిచేస్తూ ఒక్కగానొక్క కొడుకుని చదివించిన మనిషి. కొడుకు చిన్నప్పుడు తిన్న తిట్లన్నీ మరిచిపోకుండా దాచుకుని కంపైలరులో పెట్టాడు.

ఆయన పోయాక మాణిక్యమ్మ కోడలి దగ్గరే ఉండిపోయింది. ఆమెకు చదువు రాదు. సాయంత్రం హిమజ ఇంటికొచ్చి కాఫీ తాగి లాప్‌టాప్ తెరిచిందంటే, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, "వాడేమంటన్నాడు ఇయ్యాల?" అని అడిగేది. హిమజ కావాలని ఒక తప్పు ప్రోగ్రాము రాసి నడిపేది. తెరమీద వచ్చిన తిట్టు పైకి చదివేది. ముసలామె విని, తల ఊపి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇద్దరిమధ్యా అంతకుమించి మాటలుండేవి కావు.

అందుకే, ఈ ఏడు ప్రిన్సిపాల్ నాగేశ్వరరావు గారు పిలిచి మాట్లాడినప్పుడు హిమజకు అది కాలేజీ సంగతిగా మాత్రమే వినబడలేదు. ఆయన కఠినుడు కాదు. నాగులంటే ప్రాణం పెట్టినవాడు. కానీ సిలబస్‌లో స్ట్రక్చర్లు ఉన్నాయి. పేరు, నంబరు, మార్కులు అన్నీ కలిపి ఒక మూటగా కట్టుకోవడాన్ని సి భాషలో స్ట్రక్చర్ అంటారు. నాగులు కంపైలరుకు అది రాదు. సగం పాఠాలు ఒకదానిమీద, మిగతా సగం ఇంకోదానిమీద చేయిస్తే పరీక్షలో పిల్లలు తికమక పడుతున్నారని ఆయన బాధ. ప్రాక్టికల్ పరీక్షల లోపు దీనికి స్ట్రక్చర్లు వస్తే సరే, లేకపోతే అన్ని కంప్యూటర్లలోనూ దీన్ని తీసేసి మామూలుదే పెడదామని నెమ్మదిగా చెప్పారు. ఆ మాట చెబుతున్నంతసేపూ ఆయన బల్లమీది పేపర్‌వెయిట్ వంకే చూశారు.

హిమజ నాగులు కంపైలరు రాసిన ఫైలు తెరిచింది. అదంతా ఒకటే ఫైలు. చదవడం, అర్థం చేసుకోవడం, మార్చడం, తిట్టడం అన్నీ ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉన్నాయి. ప్రతి విలువ రకాన్నీ ఆయన ఒక అంకెతో గుర్తు పెట్టుకున్నాడు. పూర్ణాంకమైతే ఒకటి, అక్షరమైతే రెండు. తొందరలో చేసిన ఏర్పాటు అది, అప్పటికి సరిపోయింది. మూటలో ఏమేం ఉన్నాయో ఒక్క అంకెలో ఎలా చెబుతారు? స్ట్రక్చర్లు రావాలంటే ఆ అంకె ఉన్న ప్రతిచోటా చెయ్యి పెట్టాలి. ఆ అంకె లేని చోటు లేదు.

ఇంట్లో లాప్‌టాప్‌లో ఉన్నదాన్ని ఆమె కదిలించలేదు. కాలేజీ కంప్యూటర్‌లో దాని నకలు పెట్టుకుని, ఖాళీ పీరియడ్‌లలో కొంచెం కొంచెంగా పని మొదలుపెట్టింది. ముందు పెద్ద ఫైలును గదులు గదులుగా విడదీసింది. చదివే భాగం ఒకచోట, అర్థం చేసుకునే భాగం ఇంకోచోట. అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న తిట్లన్నీ ఏరి, ఒకే పట్టికలో వరసగా పేర్చి నంబర్లు వేసింది. ఏ తప్పుకి ఏ నంబరు తిట్టు పలకాలో రాసుకుంది. బయటికి పని మారకూడదు, లోపలి అమరిక మాత్రమే మారాలి. ప్రతిరోజూ లేచేముందు పాత ప్రోగ్రాములన్నీ నడిపి చూసింది. అన్నీ పచ్చగా వచ్చాయి. ఆయన చూసి ఉంటే మెచ్చుకునేవాడని ఒకరోజు అనిపించింది కూడా. ఆ ధైర్యంతోనే కొత్తదాన్ని లాబ్‌లో పెట్టింది.

రెండో ఏడాది చదివే వర్షిణి ఆరోజు చాలాసేపు ఒక్క ప్రోగ్రాము ముందే కూర్చుంది. క్లాసులో అందరికంటే ఎక్కువ తప్పులు చేసే పిల్ల, అందరికంటే ఎక్కువ తిట్లు తిన్న పిల్ల. హిమజ పక్కకి వెళ్ళగానే లేచి నిలబడింది.

"మేడమ్, సార్ ఏందో వేరేది తిడతన్నారు."

"ఏమన్నారు?"

"మూడో ఇస్తరి ఎవరికంటన్నారు. నేనసలు ఏ ఫంక్షనూ పిలవలా మేడమ్. అంతా ఎతికా."

హిమజ వంగి చూసింది. ఆ పిల్ల చేసిన తప్పు చివర బ్రాకెట్ మూయకపోవడం. రావలసింది తలుపు తిట్టు. ఇంకో ఇద్దరి దగ్గరికి వెళ్ళి చూసింది. అక్కడా అంతే. ఒక తప్పుకి ఇంకో తప్పు తిట్టు పడుతోంది. సంగతి తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. పట్టిక పేర్చేటప్పుడు ఒకే తిట్టు రెండుసార్లు ఉందని తనే ఒకటి తీసేసింది. దాని కిందవన్నీ ఒక్కో వరస పైకి జరిగాయి. పాత నంబర్లు మాత్రం అలాగే ఉన్నాయి.

ఒక్క నిమిషంలో సరిచేయగల పొరపాటు. కానీ హిమజ వెంటనే సరిచేయలేదు. ఆయన నోట్లో మాట తీసి ఇంకో మాట పెట్టినట్టు ఉంది ఆమెకు. అన్నీ పచ్చగా వచ్చాయి కదా అని ఎంత నిశ్చింతగా ఉంది. ఆ పచ్చ గుర్తులన్నీ సరైన ప్రోగ్రాములవి. తప్పు ప్రోగ్రాము ఒక్కటీ లేదు అందులో. నాగులూ పెట్టుకోలేదు, తనూ పెట్టుకోలేదు. తప్పుల్ని భద్రపరచుకోవాలని ఆ కాలేజీలో ఎవరికి తడుతుంది? రికార్డు పుస్తకంలో కొట్టివేత కనబడితే సంతకం పెట్టరు. హిమజే ఎన్నోసార్లు పేజీ చింపించి మళ్ళీ రాయించింది.

పాతదాన్ని యథాతథంగా వెనక్కి పెట్టడం క్షణం పని. అప్పుడు ఆయన ఆయనలాగే ఉంటాడు, ప్రాక్టికల్స్ దాకా. ఆ తరువాత లాబ్‌లో ఉండడు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య లాప్‌టాప్‌లో మిగిలిపోతాడు. బెల్లు కొట్టి పిల్లలు వెళ్ళిపోయాక కూడా ఆమె అక్కడే కూర్చుంది. చివరికి పట్టిక సరిచేసి, కంప్యూటర్ ఆపి ఇంటికి వెళ్ళింది.

మరునాడు క్లాసులో ఎవరి తప్పు ప్రోగ్రాములు వాళ్ళని తెచ్చి ఇమ్మని అడిగింది. ఎవరూ కదల్లేదు. దిద్దేశాం మేడమ్ అన్నారు కొందరు. మార్కులు పోతాయేమోనని మరికొందరు తల దించుకున్నారు. మార్కులు తీయనని, సార్ ఏ తప్పుకి ఏం తిడతారో రాసిపెట్టుకోవడానికేనని ఆమె చెప్పింది. అప్పుడు వర్షిణి లేచి, "నాయి చానా ఉన్నాయి మేడమ్, కొన్ని పనికొస్తాయేమో" అంది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల ఏ ప్రోగ్రామూ చెరిపే అలవాటు లేనిది. మొదటి ఏడాది నుంచీ రాసినవన్నీ అలాగే ఉన్నాయి. తరువాత మిగతావాళ్ళూ ఒకరొకరుగా తెచ్చారు.

ఒక్కొక్క తప్పు ప్రోగ్రామునూ నాగులు రాసిన పాత కంపైలరుకు ఇచ్చి, అది ఏమందో పక్కనే భద్రం చేసింది హిమజ. కొత్తది కూడా అక్షరం పొల్లుపోకుండా అదే అనాలి. అలా చూసుకుంటూ అంకెల జోలికి వెళ్ళింది. ముందు ఆ అంకె చుట్టూ, రేపు మూట వివరాలు కూడా పట్టేలా ఒక చిన్న పెట్టె కట్టి, లోపల అంకెనే ఉంచింది. ఆ తరువాత ఒక్కోచోట అంకెను తీసి పెట్టెను అందించింది. ఒక పూట ఒకటే మార్పు. ఏదైనా ఎర్రగా వస్తే ఆ పూట చేసిందంతా తీసేసింది. ఆయన వాక్యాలు ఒక్కొక్కటే పోతున్నాయని తెలుస్తూనే ఉంది. ఒకప్పుడు ఆయన చేతి తీరు ఫైలంతా కనబడేది. ఇప్పుడు వెతికితే గానీ దొరకడం లేదు.

స్ట్రక్చర్లు వచ్చాయి. పేరు, నంబరు, మార్కులు ఒక మూటగా కట్టుకున్న మొదటి ప్రోగ్రాము నడిచింది. మామూలుగా అయితే లేచి ఎవరికైనా చెప్పాలి. ఆమె చెప్పలేదు. ఇంకో ప్రోగ్రాము రాసింది. అందులో మూటలో లేని వస్తువును కావాలని అడిగింది. కంపైలరు మూగగా ఆగిపోయింది.

ఈ తప్పు నాగులు ఉండగా ఎవరూ చేయలేదు. స్ట్రక్చర్లే లేనప్పుడు చేయడానికి వీల్లేదు. దీనికి తిట్టు లేదు.

ఉన్నవాటిలో ఏదైనా సరిపోతుందేమోనని చూసింది. చెప్పాపెట్టకుండా తోలుకొచ్చిన మనిషి తిట్టు కొంచెం దగ్గరగా ఉంది, కానీ అది వేరే తప్పు. తప్పు తిట్టు పడితే పిల్ల ఎంతసేపు వెతుక్కుంటుందో ఆమె చూసింది. ఆయనైతే ఏమనేవాడో ఊహించి రాద్దామని కూర్చుంది. నాలుగు వాక్యాలు రాసి కొట్టేసింది. ఆయన గొంతు తనకు రావడం లేదు.

ఆ సాయంత్రం మాణిక్యమ్మ వసారాలో కూర్చుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. హిమజ లాప్‌టాప్ తెరవకుండా వచ్చి పక్కన కూర్చుంది. చేటలోవి నాలుగు తీసుకుని తనూ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. కాలేజీలో చేస్తున్న పనంతా మొదటిసారి అత్తగారికి చెప్పింది. దాన్ని విప్పి మళ్ళీ కడుతున్నానని, ఆయన రాసింది ఇప్పుడు సగం కూడా మిగల్లేదని చెప్పేసింది. ముసలామె ఈనెలు తీస్తూనే విన్నది. తిట్లు ఉన్నాయా అని మాత్రం అడిగింది. ఉన్నాయని చెప్పింది హిమజ.

"అత్తయ్యా, చిన్నప్పుడు ఆయన ఇంట్లో లేనిదేదన్నా అడిగితే మీరేమని తిట్టేవాళ్ళు?"

మాణిక్యమ్మ చేతులు ఆగాయి.

"లేనిదానికి తిట్టలా అమ్మాయ్."

"ఎప్పుడూ?"

"వాళ్ళ నాయన క్వారీలో పోయినాక, శానా దినాలు పొద్దుగూకేయాళకి గుమ్మంలో నిలబడి నాయనేడీ అని అడిగేవోడు. దేనికైనా తిట్టేదాన్నిగానీ, దానికి నోరెట్టా వస్తది? లేడయ్యా అనేదాన్ని. అంతే."

చేటలోంచి ఇంకో చిక్కుడుకాయ తీసుకుని మళ్ళీ తనే అంది. "ఆ మాట వాడు దాంట్లో పెట్టలేదు గదా. పెట్టడులే. నువ్వు అనుకున్నట్టు నువ్వు రాయి. అన్నిటికీ వాడే పలకాలంటే ఎట్టా?"

హిమజ తలెత్తి చూసింది. ముసలామె కళ్ళు చిక్కుళ్ళ మీదే ఉన్నాయి. ఇద్దరూ చేట ఖాళీ అయ్యేదాకా అలాగే కూర్చున్నారు. ఆ పూట ఆమె వాడేమంటున్నాడని అడగలేదు. హిమజ లాప్‌టాప్ తెరవలేదు.

మర్నాడు పొద్దున కాలేజీలో, పట్టిక చివర ఒక కొత్త వరస చేర్చింది. ఒక్క మాట రాసి ఆగింది. లేదని చెప్పి ఊరుకుంటే పిల్ల మళ్ళీ గుమ్మంలో నిలబడిపోతుంది. అందుకని ఆ మాట తరువాత, ఆ మూటలో నిజంగా ఉన్నవాటి పేర్లన్నీ వరసగా చూపించేలా ఇంకొంచెం రాసింది. పాతవన్నీ నడిపింది. సరైన ప్రోగ్రాములు, తప్పు ప్రోగ్రాములు, అన్నీ పచ్చగా వచ్చాయి. ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి ప్రాక్టికల్స్ దీనిమీదే పెట్టుకోవచ్చని చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మంచిదమ్మా అన్నారు.

మధ్యాహ్నం లాబ్‌లో వర్షిణి స్ట్రక్చర్ ప్రోగ్రాము రాసింది. మార్కులు అని పెట్టుకున్న పేరును, వాడేచోట మొత్తం అని రాసింది. నడిపింది. తెరమీద పడిన మాటను పెదవులు కదుపుతూ చదువుకుంది.

"అది ఇందులో లేదమ్మా. ఉన్నవి ఇవి: పేరు, నంబరు, మార్కులు."

ఆ పిల్ల నవ్వలేదు. వెనక్కి తిరిగి చూసింది.

"మేడమ్, ఇది సార్ది కాదు గదా?"

"కాదు. నాది."

వర్షిణి తెరవైపు తిరిగి, మొత్తం అన్నచోట మార్కులు అని దిద్దబోయి ఆగింది. ముందు ఆ తప్పు ప్రోగ్రామును అలాగే ఇంకో పేరుతో భద్రం చేసి, మేడమ్‌కు పంపింది. ఆ తరువాతే దిద్దుకుంది.