పిట్టల వాటా

దేముడు గడ్డితాడు కొసను బొటనవేలితో తొక్కిపట్టి, అరచేతుల మధ్య వరిగడ్డి పేనుతున్నాడు. తాడు చాలినంత అయ్యాక కంకులు తీసుకున్నాడు. గింజ ఉన్న కంకులు లోపల పెట్టి, చుట్టూ తాలు కంకులు పేర్చాడు. మెడ దగ్గర బిగించి కుచ్చును చూరుకు వేలాడదీశాడు. చూరు పొడవునా అలాంటి కుచ్చులే.

కోతలయ్యాక పిచ్చుకల కోసం చూరుకు ఒక కుచ్చు కట్టడం అనకాపల్లి చుట్టుపక్కల మామూలే. దాన్ని ఎవరూ దులిపి వండుకోరు. దేముడి ఇల్లు చిన్నది. కుచ్చులే ఎక్కువ.

అతని పని పురులు కట్టడం. గడ్డితాడును చుట్టమీద చుట్టగా తిప్పి, రైతు ధాన్యం పోసుకోవడానికి మనిషెత్తు గాదె లేపేవాడు. కె. కోటపాడు నుంచి కూడా కబురొచ్చేది. యుద్ధం వచ్చి, సర్కారు ధాన్యానికి లెవీ పెట్టాక ఎవరూ పిలవడం లేదు. పోసుకోవడానికి గింజ లేనివాడు పురి ఎందుకు కట్టించుకుంటాడు?

కిందటేడు లెవీవాళ్ళు తిండిగింజలతో పాటు విత్తనాలూ పట్టుకుపోయారు. విత్తనమని చెబితే, అందరూ చెప్పేది అదేనన్నారు. కౌలు మడి సగం బీడు పడింది. కొడుకు సత్తియ్య పట్టాళానికి కూలీగా అస్సాం రోడ్ల మీదికి పోయాడు, కబురు లేదు. దేముడు, కోడలు అప్పలనర్సమ్మ, ఆమె చంటిపిల్ల తేగలతో, చింతపిక్కలతో ఏడాది గడిపారు. ఈసారీ బీడు పెడితే మడి ఇంకొకరికి ఇస్తానన్నాడు భూస్వామి. ఆ మడికి కావలసిన విత్తనమంతా ఇప్పుడు చూరుకు వేలాడుతోంది.

అప్పలనర్సమ్మ అంబలి ముంత తెచ్చి పక్కన పెట్టింది.

"నువ్వు తాగు. నాకు రేతిరిది అరగలేదు" అన్నాడు దేముడు.

"రేతిరి ఏటి తిన్నావు మావా, అరక్కపోడానికి?"

అతను ఇంకో పోచ అందుకున్నాడు.

పొద్దెక్కాక లెవీ ఇన్‌స్పెక్టరు సైకిలు మీద వచ్చాడు. వెంట బంట్రోతు పోతురాజు, దేవరాపల్లి మనిషి. ఇనుప చువ్వతో పోతురాజు ఇంట్లో నేల పొడిచాడు, గోడ పొడిచాడు, గడ్డికుప్ప పొడిచాడు. ఏమీ తగల్లేదు. కుండలో చోళ్ళుంటే ఇన్‌స్పెక్టరు సంచిలోకి వంపించాడు.

"పిల్లకి అంబలి గింజలు బాబూ" అంది అప్పలనర్సమ్మ.

"యుద్ధం" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బయటికి వచ్చి తలెత్తి చూశాడు. "ఇవేమిటోయ్?"

"పిట్టల కుచ్చులు బాబూ. పిట్టల వాటా."

"బాగున్నాయే. సాయంత్రం అనకాపల్లిలో సభ ఉంది. కలెక్టరుగారు వస్తున్నారు. పందిరికి ఇవి కట్టిద్దాం. దింపు. నువ్వే మోసుకొచ్చి కట్టు."

"పిట్టలు బాబూ..."

"ఒక పూట ఆగుతాయిలే."

పోతురాజు ఒక కుచ్చు దింపి చేతిలో ఆడించాడు. బరువు చూశాడు. దేముడి ముఖం చూశాడు.

"మీ పిట్టలు మా బాగా తింతాయి మామా" అని మెల్లగా అని, కుచ్చును కావిడి బుట్టలో పెట్టాడు.

దేముడు కావిడి ఎత్తుకుని నడిచాడు. దారిలో ఉప్మాక తీర్థానికి వెళ్ళే బళ్ళు ఎదురొచ్చాయి.

"ఏ గుడికి బావా, ఇన్ని కుచ్చులు?" అని ఒకడు అడిగాడు.

"సర్కారు గుడికి" అన్నాడు దేముడు.

బెల్లం బజారు వెనక మైదానంలో పందిరి వేశారు. దేముడు నిచ్చెనెక్కి ప్రతి కుచ్చునూ జారుముడితో కట్టాడు. ఒక్క లాగుతో ఊడి వచ్చే ముడి. కలెక్టరు కుర్చీ మీది కుచ్చు దగ్గర మాత్రం ఇన్‌స్పెక్టరు ఆపాడు. "దొరగారి నెత్తిన పడితే నా ఉద్యోగం పోతుంది. బిగించి కట్టు." దాన్ని దేముడు బిగించి కట్టాడు. తర్వాత పందిరి రాటకు ఆనుకుని కూర్చుని, పిచ్చుకలు వాలకుండా తువ్వాలు విసురుతూ ఉండిపోయాడు.

కలెక్టరు మాట్లాడాడు. గుమాస్తా తెలుగులో చెప్పాడు. రైతులు పంట పెంచాలన్నాడు. గింజ దాచినవాడు శత్రువుకు సాయం చేసినవాడేనన్నాడు. ముందు వరసలో వర్తకులు చప్పట్లు కొట్టారు. అడిగినదానికంటే ఎక్కువ ధాన్యం వసూలు చేసిన ఇన్‌స్పెక్టరుకు పూలదండ వేశారు. ఆ దండ వేసేటప్పటికే తువ్వాలు ఆగిపోయింది.

అప్పలనర్సమ్మ పిల్లను చంకనేసుకుని వచ్చేసరికి జనం వెళ్ళిపోయారు. పెద్దలంతా ఒక వర్తకుడి ఇంటికి ఫలహారానికి పోయారు. దేముడు రాటకు ఆనుకునే ఉన్నాడు.

"నిదరోయేడనుకున్నానక్కా" అన్నాడు పోతురాజు.

ఆమె మామగారి చల్లబడిన చెయ్యి పట్టుకు చూసి వదిలింది. పోతురాజుతో బండి తెప్పించమంది. పిల్లను కింద కూర్చోబెట్టి, నిచ్చెనెక్కి మొదటి కుచ్చును లాగింది. వచ్చింది. రెండోదీ వచ్చింది. గేటు దగ్గరి జవాను ఇటు తిరిగాడు.

పోతురాజు వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. "ఏడక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "పీనుగ కింద పరవడానికనుకుంతారు. ఏడవకుండా దింపితే అనుమానపడతారు."

అప్పలనర్సమ్మ పైకి ఏడ్చింది. ఏడుస్తూ వరసగా లాగింది. జవాను ముఖం తిప్పుకున్నాడు.

బండిలో కుచ్చులు పరిచి, పైన గడ్డి వేసి, దేముణ్ణి పడుకోబెట్టారు. కుర్చీ మీది కుచ్చు ఒక్కటే రాలేదు. గోళ్ళతో పీకినా ముడి వదల్లేదు. బండి కదిలింది.

పందిట్లో ఆ కుచ్చు మీద పిచ్చుకలు వాలాయి. తాలు రాలి కలెక్టరు కుర్చీలో పడుతోంది.