మా బావమరిది సర్దిన యూపీఎస్

హలో, నా మాట అందరికీ వినపడుతోందా? చివర్లో కూర్చున్నవాళ్ళకి కూడానా? సరే, మా ఇంట్లో జరిగింది ఒకటి చెప్తాను. పని ఉన్నవాళ్ళు చేసుకుంటూనే వినండి.

ఆ మధ్యాహ్నం మా అమ్మాయికి ఇంటర్వ్యూ. కస్టమర్ల గోడు ఫోనులో విని, మొరాయించిన సామాన్లు వాళ్ళ చేతే బాగుచేయించే ఉద్యోగం. ఇంటర్వ్యూ కూడా కంప్యూటర్లోనే. మా వీధిలో కరెంటు చెప్పకుండా వచ్చిపోయే చుట్టం. పోయినసారి వేరే కంపెనీ వాళ్ళతో "నాలో ఉన్న గొప్ప గుణం ఏమిటంటే" అని మొదలుపెట్టగానే తెర నల్లబడింది. ఆ గుణం ఏమిటో వాళ్ళకి ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాతే యూపీఎస్ కొన్నాం. కరెంటు పోయినా దాని బ్యాటరీతో కంప్యూటరూ ఇంటర్నెట్ డబ్బా కాసేపు నడుస్తాయి.

ఆ పొద్దున మా బావమరిది వచ్చి, బల్ల కింద తీగలు చూసి మొహం చిట్లించి, అన్నీ సర్ది టేపు చుట్టి, చేతులు దులుపుకున్నాడు. ఇంటర్వ్యూ వేళకి యూపీఎస్ మొదలుపెట్టింది. టక్, కుయ్. టక్, కుయ్. ఎర్ర దీపం, పచ్చ దీపం మార్చి మార్చి వెలుగుతున్నాయి. కంప్యూటర్ కళ్ళు తెరిచినట్టే తెరిచి మూసేస్తోంది.

అమ్మాయి కంగారుపడలేదు. తన ఫోన్ నుంచే కంపెనీ వాళ్ళకి వీడియో కాల్ చేసి, కాస్త ఆగమని అడిగి, ఫోన్ని పుస్తకాలకి ఆనించి పెట్టింది. ఇస్త్రీ బట్టలతో తను బల్ల కింద దూరలేదు కాబట్టి నేను దూరాను.

"పాడైపోయిందమ్మా. గట్టిగా ఒకటిస్తే దారికొస్తుంది."

"కొట్టకు నాన్నా. పైన ఫ్యాన్ తిరుగుతోంది, అంటే ఇంట్లో కరెంటుంది. అది కుయ్యిమంటోందంటే గోడ నుంచి దానికి అందట్లేదన్నమాట. దానికి తగిలించినవన్నీ ఒక్కొక్కటే పీకు."

కంప్యూటర్ది పీకాను. ఇంటర్నెట్ డబ్బాది పీకాను. ఇంకో తెల్ల తీగ ఉంది. అదీ పీకాను. సోఫాలోంచి మా అత్తగారి గొంతు వినిపించింది.

"ఎవరది, నా వేడి ఆపింది?"

ఆ తీగ ఆవిడ మోకాలికి కట్టుకున్న వేడి సంచిది.

"అత్తయ్యా, ఇది కంప్యూటర్ కోసం కొన్నది."

"కంప్యూటర్‌కి మోకాళ్ళున్నాయా నాయనా?"

"అమ్మమ్మా, వేడెక్కే సామాను పెడితే బ్యాటరీ గుటుక్కున అయిపోతుంది. ఇలా ఇవ్వు, గోడ ప్లగ్గులో పెడతాను," అంది అమ్మాయి.

అయినా టక్, కుయ్. ఇక మిగిలింది ఒకటే తీగ, గోడ నుంచి యూపీఎస్‌కి కరెంటు తెచ్చేది. చేత్తో తడుముకుంటూ పోయాను. టేపు చుట్టల్లోంచి, బల్ల కాలు చుట్టూ తిరిగి, మళ్ళీ నా ముక్కు దగ్గరికే వచ్చింది.

"అమ్మా, ఈ తీగ ఇందులోంచి బయల్దేరి ఇందులోకే వచ్చిందే."

"అలాగా. తొందరేం లేదు నాన్నా, ఇంకోసారి చూసి చెప్పు."

"చూశాను. యూపీఎస్ ప్లగ్గు యూపీఎస్‌లోనే ఉంది."

గుమ్మంలో టీ తాగుతున్న బావమరిది గర్వంగా అందుకున్నాడు.

"అది నేనే పెట్టాను బావా. ఇంట్లో ఎప్పుడూ కరెంటు పోని ప్లగ్గు అదొక్కటే కదా. గోడని నమ్ముకుని పిల్ల ఉద్యోగం పోగొట్టుకుంటామా?"

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకూ సబబుగానే అనిపించింది.

"మామయ్యా," అంది అమ్మాయి నెమ్మదిగా, "అది తన జీతం తనే ఇచ్చుకుంటోంది. ఎంతసేపని బతుకుతుంది? నాన్నా, తీసి గోడకి పెట్టు."

పెట్టాను. కుయ్యిమనడం ఆగింది. మిగతావి తగిలించగానే కంప్యూటర్ వెలిగింది. కానీ బ్యాటరీ ఖాళీ. ఇప్పుడు కరెంటు పోతే అంతే సంగతులు. అది ఆగుతుందేమోనని మా అత్తగారు ఫ్యాన్ మీంచి చూపు తిప్పలేదు.

ఆ సంబరంలో లేవబోయి బల్లకి తల కొట్టుకున్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. చూస్తే ఫోన్లో ఇద్దరు ఆఫీసర్లు. కాల్ పెట్టేయలేదట, మొదటి నుంచీ చూస్తూనే ఉన్నారట. అందులో ఆఫీసరమ్మ కళ్ళు తుడుచుకుంటోంది.

"అమ్మాయ్, మొండి కస్టమర్‌తో ఎలా మాట్లాడతావని అడుగుదామనుకున్నాం. ఇక అక్కర్లేదులే. ఒక్కటి చెప్పు. మీ మామయ్యగారి లాంటాయన ఫోన్ చేస్తే ముందేమంటావు?"

"మీరు మంచికే చేశారండీ అంటాను మేడమ్. ఆ తర్వాత ప్లగ్గు ఎక్కడుందో అడుగుతాను."

కంప్యూటర్లోకి మారి మిగతా ప్రశ్నలు అడిగారు. ఫ్యాన్ ఆగలేదు. ఉద్యోగం ఇచ్చేశారు.

"చూశావా బావా, నేను సర్దబట్టే వచ్చింది," అన్నాడు బావమరిది, రెండో టీ అందుకుంటూ. అత్తగారు తన మోకాలి త్యాగం వల్లే అంటోంది. నా తల మీద బొప్పి సంగతి ఎవరూ ఎత్తలేదు.

మీ ఇంట్లో కూడా బల్ల కింద ఏదైనా కుయ్యిమంటుంటే, కొట్టకుండా ముందు ప్లగ్గు ఎక్కడుందో చూడండి. ఈ కథ మీవాళ్ళకి కూడా పంపండి. చేతులు ఊరుకోని బావమరిది ఉన్న ఇంటికైతే ముందు పంపండి.