ఐలీ నడక మీద విచారణ

సుపీరియర్ సరస్సు ఒడ్డున, ముసలివాళ్ల నర్సింగ్ హోమ్‌లో నాదీ ఐలీ కంగస్‌దీ ఒకే గది. ఐలీకి పార్కిన్సన్స్ జబ్బు. ఆవిరి స్నానాల గది మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక మళ్లీ నడవడం కోసం ఇక్కడ చేరింది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆమె పాదాలు నేలకు అతుక్కుపోయేవి. థెరపిస్టు కొరిన్ వచ్చి కదిలిస్తేనే అడుగు పడేది.

ఆ చలికాలం ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు, “ఇక ఆమె మెరుగుపడటం లేదు. థెరపీకి మేం డబ్బివ్వం. నడిపించడానికి ఆయా చాలు” అన్నారు. ఐలీ ఊరుకోలేదు. అప్పీలు మీద అప్పీలు వేసింది. చివరికి వ్యవహారం జడ్జి దాకా వెళ్లింది. విచారణ ఫోన్‌లోనే.

“ఆ రోజు కాస్త మూలుగవే,” అని నేను సలహా ఇచ్చాను.

“మూలిగితే థెరపీ దండగంటారు. గెంతితే అవసరమే లేదంటారు. మరి నన్నెలా చావమంటావే వెర్నా?”

“మధ్యరకంగా నడువు.”

ఐలీ నవ్విన నవ్వుకి కట్టుడుపళ్లు ఊడి చేతిలో పడ్డాయి.

విచారణ రోజు భోజనాల గదిలో ఫోన్ బల్ల మీద పెట్టి, కొరిన్‌తో సహా మేమంతా చుట్టూ చేరాం. ఐలీ మొగుడు రేనో టై కట్టుకుని మరీ వచ్చాడు, ఫోన్‌లో ఎవరికి కనిపిస్తుందో! జడ్జిగారికి జలుబు చేసినట్టుంది, గొంతు బొంగురుగా ఉంది.

ముందు కంపెనీ డాక్టరు, ఆయనా ఫోన్‌లోనే, మాట్లాడాడు. “ఆమె నడక ఉన్నచోటే ఉందండీ. ఎవరైనా చెయ్యి పట్టుకుని నడిపించొచ్చు.”

“ఎవరైనానా?” ఐలీకి ఒళ్లు మండింది. చక్రాల వాకర్ పట్టుకుని లేచి ఫోన్ వైపు బయల్దేరింది. సగం దూరంలో టక్కున ఆగిపోయింది.

“చక్రాల చప్పుడు ఆగిపోయింది, ఏమైందమ్మా?” అన్నారు జడ్జిగారు.

“కాళ్లు మొండికేశాయండీ!”

“పక్కనున్నవాళ్లు సాయం చేస్తే సరిపోతుంది,” అన్నాడు డాక్టరు.

అంతే, రేనో ఒక్క ఉరుకున వెళ్లి, “ఎడమ! కుడి! ఎడమ! ఎడమ!” అంటూ చేయి పట్టి లాగాడు. పైన ఐలీ ముందుకు ఒరిగింది గానీ కింద పాదాలు కదల్లేదు. కొరిన్ నడుము పట్టుకోబట్టి బతికిపోయింది.

“వదులయ్యా మహానుభావా! ఇన్నేళ్లుగా ప్రతి పెళ్లిలో డాన్సు చేస్తూ నా కాళ్లు తొక్కింది చాలదూ?”

ఫోన్‌లో జడ్జిగారు దగ్గారో, నవ్వారో తెలియలేదు.

“లాగకండి, పడిపోతుంది,” అంది కొరిన్. “ఐలీ, ముందు బరువంతా ఎడమ కాలి మీద వెయ్యండి. ఇంకా... ఆఁ, అదీ. ఇప్పుడు పెళ్లిళ్లలో వేసే పోల్కా డాన్సు.” బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ కూనిరాగం తీసింది. ఐలీ కుడి పాదం నేల వదిలి లేచింది, వెనకే ఎడమది. మేమంతా ఈలలు వేశాం.

గోల తగ్గాక కొరిన్ చెప్పింది. “ఈమె ఇంకా బాగుపడుతుందని నేననను సార్. మందును బట్టి, కొత్త తుంటి మోసే బరువును బట్టి ఏ రోజుకారోజు పద్ధతి మార్చాలి. మానేస్తే ఉన్న నడకా పోతుంది.”

“బాగుపడుతుందా లేదా అని కాదు చూడాల్సింది,” అన్నారు జడ్జిగారు. “ఉన్నది నిలబెట్టడానికైనా నిపుణుల చెయ్యి కావాలా అని. డాక్టరుగారూ, ఇందాక మీరైతే ఆమెను కదిలించేవారా?”



“నాకు పోల్కా రాదండీ,” అన్నాడు డాక్టరు.

గదంతా పగలబడి నవ్వింది. డాక్టరు కూడా నవ్వేశాడు పాపం.

తీర్పు తర్వాతి వారం భోజనాల వేళకు వచ్చింది. థెరపీ ఖర్చు కంపెనీయే భరించాలి. రేనో భార్యను ముద్దుపెట్టుకోబోయి ఆమె చెప్పు తొక్కాడు. మేం చెంచాలతో బల్లలు బాదాం, తలా ఒక తాళం.

“ఒక్కటిగా కొట్టండర్రా దద్దమ్మల్లారా!” అని ఐలీ లేచింది. అందరం పోల్కా తాళం అందుకున్నాం. కొరిన్ పక్కన నడుస్తుండగా బల్లల మధ్య నుంచి ఊగుతూ వచ్చి, నా పళ్లెంలో మాంసం కూరిన రొట్టె ఎత్తుకుని అదే ఊపులో వెనక్కి తిరిగింది.

నేను చక్రాల కుర్చీ తోసుకుంటూ దొంగా దొంగా అని వెంటపడ్డాను.