కారు లావెక్కుతుందా?

నేను ఒక రెండు సీట్ల స్పోర్ట్స్ కారును. మడిచి వెనక్కి పడేసుకునే గుడ్డ కప్పు నాది. పుట్టింది ఇంగ్లండు సీమలో. ఓడెక్కి విశాఖపట్నం రేవులో దిగాను. నన్ను తెచ్చుకున్న దొర ఇక్కడి ఉక్కకు తట్టుకోలేక తిరిగి వెళ్లిపోతూ, పోర్టులో ఇంజనీరు దక్షిణామూర్తిగారికి నన్ను అమ్మేశాడు.

ఆయనకు నేనంటే ప్రాణం. ఒక్కరే ఉంటే కప్పు మడిచేసి, ఈల వేసుకుంటూ బీచ్ రోడ్డంతా తిప్పేవారు. భార్య సుభద్రమ్మగారు ఎక్కితే మాత్రం ముందు కప్పు మూసి, కొక్కేలు బిగించి, ఆ తరవాతే తాళం తిప్పేవారు. "నలుగురూ చూస్తారు" అనేవారు. నలుగురూ చూడాలనే కదా నన్ను కొన్నది! మనుషుల సంగతి నాకెప్పుడూ అంతుపట్టలేదు. ఆవిడ మాత్రం ఎన్నిసార్లు వచ్చినా సముద్రాన్ని నా మసక ప్లాస్టిక్ కిటికీలోంచే చూశారు.

ఆయన పోయాక రేకుల షెడ్డు పాలయ్యాను. కోడలు వసుంధర అప్పుడప్పుడూ వీధి చివరిదాకా నడిపి తెచ్చేది కాబట్టి ఇంజను బతికింది. కప్పు మాత్రం పెళుసెక్కి చిరిగిపోయింది. రేకులు కారేవి, నేను తడిసేదాన్ని.

"ఇంకో వానాకాలం తడిస్తే తుప్పే మిగులుతుంది. ఆదివారం బెంగళూరాయన వస్తున్నాడు, ఇచ్చేద్దాం" అన్నాడు కొడుకు గోపీనాథ్.

సుభద్రమ్మగారు అన్నం సగంలో చెయ్యి కడిగేసుకున్నారు. అది వసుంధర చూసింది.

"కొత్త కప్పు వేస్తే ఉంచుతారా?" అని భర్తను అడిగింది.

"నువ్వు కుడతావేటి? అది కారు, నువ్వు కుట్టే జాకెట్టు కాదు."

"చుక్క కారకుండా కుడితే ఉంచుతారా, ఉంచరా?"

"కారకపోతే ఉంచుతాన్లే" అని నవ్వాడు.

పాత కప్పు ఊడదీసి, కుట్లు విప్పి, హాల్లో కొత్త గుడ్డ మీద పరిచి, దాని అంచుల వెంట సుద్దతో గీతలు గీసింది. ఆ మందానికి ఇంట్లో మిషను సూది విరిగింది. ఆటో సీట్లు కుట్టే మస్తాన్ షాపులో పెద్ద మిషను మీద కుట్టుకొచ్చింది. గోపీనాథ్ తిరగేసి చూశాడు.

"ఏటిది, లోపల ఇంతేసి గుడ్డ వదిలేశావు?"

"జాకెట్టుకి వదలమా? ఒళ్లు చేస్తే విప్పుకోడానికి."

"కారు లావెక్కుతుందేటే!"

ఆ మాట వీధంతా చెప్పి నవ్వాడు. నా పరువు కూడా పోయింది.

శనివారం కప్పును నా చట్రం మీదికి లాగారు. ముందు అద్దానికి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. మస్తాన్ లాగాడు, గోపీనాథ్ లాగాడు. రాలేదు. పాత కప్పు ఎండకూ వానకూ ఎప్పుడో ముడుచుకుపోయింది. వీళ్లు ఆ ముడుచుకున్నదాన్నే కొలత పెట్టుకున్నారు.

"పోనీలే వసూ, నీ ప్రయత్నం నువ్వు చేశావు" అంటూ గోపీనాథ్ బెంగళూరాయనకు చెప్పడానికి ఫోను తీశాడు.

వసుంధర మెట్ల మీద కూలబడింది.

"మరి లోపల వదిలిన గుడ్డ ఎందుకే?" అన్నారు వరండాలోంచి సుభద్రమ్మగారు. "విప్పు!"

వసుంధర దిగ్గున లేచింది. ముందు అంచు మడతా, వెనక కిటికీ పైనున్న అడ్డకుట్టూ విప్పి, వదిలిన గుడ్డను బయటికి తీసి, మళ్లీ కుట్టించుకొచ్చింది. పాత సూది చిల్లుల్లోంచి నీరు దిగకుండా వాటి మీద కొవ్వొత్తి రుద్దింది. ఈసారి లాగితే, రెండు కొక్కేలూ టక్కుమని పడ్డాయి.

ఆదివారం బెంగళూరాయన ఎదురుగానే గోపీనాథ్ నీళ్ల పైపు పట్టుకున్నాడు. సుభద్రమ్మగారు వచ్చి నాలో కూర్చున్నారు.

"చుక్క పడితే అమ్మేయరా."

పైనుంచి కొట్టాడు, పక్కలనుంచి కొట్టాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ తలుపు తీసుకుని దిగారు. గంజి పెట్టిన చీర పెళపెళలాడుతోంది!

బెంగళూరాయన కుట్టు మీద చెయ్యి వేసి చూశాడు. "ఎవరు కుట్టారండీ?"

"మా ఆవిడండీ" అన్నాడు గోపీనాథ్, తనే కుట్టినంత గర్వంగా. "ఏమీ అనుకోకండి, బండి అమ్మడం లేదు."

కప్పు ఆరేదాకా సుభద్రమ్మగారు అక్కడే కుర్చీ వేసుకున్నారు. ఆరగానే, "ఇంక తియ్యవే దాన్ని" అన్నారు.

"ఇప్పుడేగా వేశాం, అత్తయ్యగారూ!"

"వేసుంటేనే కదే తియ్యగలం!"

వసుంధర కప్పు మడిచింది. బీచ్ రోడ్డు మీద మేం వెళ్తుంటే నలుగురూ కాదు, ఊరంతా చూసింది. సుభద్రమ్మగారి ముడి ఊడిపోయింది. ఆవిడ సవరించుకోలేదు. సముద్రం వైపు తిరిగి, "ఇంత నీలంగా ఉంటుందా!" అన్నారు. ఆ వెంటనే, "ఇంకాస్త తొక్కవే!" అన్నారు.

నావి రెండే సీట్లు కదా, గోపీనాథ్ స్కూటరు మీద వెనకాల వస్తున్నాడు. "నెమ్మదే, వసూ!" అని అరుస్తున్నాడు. వినిపించుకునేవాళ్లెవరు?

వెనక మడిచిన కప్పులో, లోపలి కుట్టు దగ్గర, రెండు వేళ్ల గుడ్డ ఇంకా మిగిలే ఉంది. నేను ఇంకా లావెక్కవచ్చు.