చెరువు అడుగు మట్టి

2003 వేసవి. శారదా నది సముద్రంలో కలిసే చోట, ఉప్పుటేరు పక్కన పైడిరాజు సాగు చేస్తున్న చెరువులో మూడు రోజులుగా రొయ్యలు మేత ముట్టడంలేదు. అతను గట్టు మీద తిరుగుతూనే ఉన్నాడు. రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూడడం, దించడం, కాసేపాగి మళ్లీ ఎత్తడం.

"అడుగు మట్టి పేరుకుపోయింటాది. గొలుసు లాగి కెలికేత్తే సరిపోద్ది," అన్నాడు భార్యతో.

అప్పలకొండమ్మ ఒప్పుకోలేదు. రోజూ చెరువులో దిగే ఆమె కాళ్ల వెండి మెట్టెలు రెండు రోజుల్లో మసిలా నల్లబడ్డాయి.

"నీల్లలో ఏటో ఉన్నాది మావా. అనకాపల్లి నుంచి ఆ లేబ్ అమ్మాయిని రమ్మను."

నీళ్లు పరీక్షచేసే షెకీనా మధ్యాహ్నం బస్సులో వచ్చేసరికి, పైడిరాజు ఆగలేక గొలుసు భుజాన వేసుకుని నీళ్లలోకి దిగుతున్నాడు.

"ఆగండి! అది లాగేరంటే ఒక్క రొయ్య మిగలదు!" అని అరిచిందామె.

ప్లాస్టిక్ గొట్టం ఒకటి అడుగు మట్టిలోకి దింపి పైకి లాగింది. లోపలి మట్టి పైన పలచగా గోధుమరంగు, కిందంతా కాటుక నలుపు. కుళ్లిన గుడ్ల కంపుకు పైడిరాజు ముక్కు మూసుకున్నాడు.

"మిగిలిన మేత అడుగున కుళ్లింది. అక్కడ గాలి ఆడదు. గాలి లేకపోయినా, ఉప్పునీటిలోని సల్ఫేటును వాడుకుని బతికే సూక్ష్మజీవులు పెరిగిపోయేయి. అవి వదిలే విషవాయువే ఈ కంపు. ఇన్నాళ్లూ మట్టిలోని ఇనుము దాన్ని పట్టి ఉంచింది, ఈ నలుపు అదే. ఇప్పుడా ఇనుము చాలడంలేదు. కెలికితే విషమంతా ఒక్కసారే పైకొచ్చేస్తుంది."

"అయితే ఏటి సెయ్యమంటావమ్మా? సూత్తా కూకోమంటావా?"

"మేత ఆపండి. నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు మాత్రం ఆపకండి. ఏటికి పోటు వచ్చినప్పుడల్లా నీళ్లు కొంచెం కొంచెం మార్చండి."

చూస్తూ కూర్చోవడమే పైడిరాజుకు చేతకాలేదు. సాయంత్రం మళ్లీ గొలుసు దగ్గరకు వెళ్తే, అప్పలకొండమ్మ ఆ గొలుసు చుట్ట మీదే కూర్చుని ఉంది.

"నువ్ లెగు."

"లెగను. ఆ పిల్ల సెప్పింది ఇన్నావా లేదా?"

మర్నాడు కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే జనరేటర్ దగ్గరకు పరుగెత్తాడు. గట్టు వారన తేలిన చచ్చిన రొయ్యల్ని వలతో తీశాడు. మేత ఆపిన నాలుగో రోజు ట్రేలో వేసిన చిటికెడు మేత ఖాళీ అయింది. అతను ఆ ట్రేను అప్పలకొండమ్మకూ, మళ్లీ చూడవచ్చిన షెకీనాకూ చూపించాడు, తన కళ్లను నమ్మలేక.

సగం పంటే దక్కింది. రొయ్యల పట్టుబడి అయ్యాక షెకీనా చెప్పినట్టు చెరువు ఎండగట్టారు. గాలి సోకి నలుపు విరుగుతుందంటే, పైడిరాజు రోజూ పొద్దున్నే వెళ్లి మట్టిపెళ్లలు విరిచి లోపలి రంగు చూసేవాడు.